మధ్య పలక

నా వెనక దారి తెరిచే ఉంది. ఈ సంగతి ముందే చెప్పెయ్యాలి. ఎర్రవాగు గనిలో ఇద్దరు చిక్కుకుపోయారని ఆ రోజు టీవీల వాళ్ళు ఒకటే ఊదరగొట్టారు. చిక్కుకున్నది ఒక్కడే, మొగిలి. నేను లేచి, ప్యాంటుకంటిన మసి దులుపుకుని, ఏటవాలు దారి పట్టుకుని నడిస్తే కాసేపట్లో ఎండలో ఉండేదాన్ని. నన్నెవరూ ఆపలేదు. పైపెచ్చు అందరూ రమ్మనే పోరారు. అయినా గోడలో తొలిచిన ఆ గూటిలో, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, పలక వంక చూస్తూ కూర్చునే ఉన్నాను.

పలక అని పేరు పెట్టుకున్నది మేమే. మేమంటే నేనూ, మా ఆయన మురహరీ. బజార్లో దొరికే మామూలు చేతి టాబ్లెట్టే అది. గనిలోకి బ్యాటరీ ఉన్న పరికరం ఏది తీసుకెళ్ళాలన్నా సవాలక్ష అభ్యంతరాలు. గ్యాస్ అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని దాని బ్యాటరీ పీకేసి, బదులుగా నడుముకు కట్టుకునే పట్టీ ఒకటి నేయించాం. ఒంటివేడి ఆ పట్టీలోంచి బయటికి పోతూ పోతూ కాస్త కరెంటు పుట్టిస్తుంది. ఆ కాస్తతోనే పలక వెలుగుతుంది, రాతిలోంచి పక్క పలకకి మాట పంపుతుంది. టవర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ప్రతి పలకా ఉండుండి 'నేనున్నాను' అంటుంది. అది విన్న పలక మీద ఆ పేరు ఎర్రగా వెలుగుతుంది. కట్టుకున్న మనిషి దూరం పోయినా, పట్టీ విప్పేసినా, ఒళ్ళు చల్లబడినా పేరు బూడిదరంగుకి తిరుగుతుంది.

చెప్పడానికి ఇంతే గానీ, దీనిచేత మాట పలికించేసరికి మా ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది. మొదట్లో చాన్నాళ్ళు ప్రతి పలకా తన గొంతు తానే విని, పొరుగువాళ్ళెవరో వచ్చారనుకునేది. నాకు నేనే 'బాగున్నారా' అని పంపుకుని, నాకు నేనే జవాబిచ్చుకున్న రోజులున్నాయి. నేను వంటింట్లో, మురహరి పెరటి గదిలో, మధ్యలో ఇసుకబస్తాల గోడ. వచ్చిన చుట్టాలు ఆ బస్తాలు చూసి ఇల్లు కట్టిస్తున్నారా అని అడిగేవారు. ఒకరోజు పోపు వేస్తుంటే నా పలక మీద 'మురహరి' అని ఎర్రగా వెలిగింది. దాని కింద 'చారులో ఉప్పెక్కువైంది' అని వచ్చింది. ఆ రోజు నేను చారు పెట్టనేలేదు. రాయడానికి ఇంకేమీ తోచక అలా రాశాడట. గరిటె పట్టుకునే పరిగెత్తి అతన్ని కావలించుకున్నాను. ఇద్దరికీ ఏడుపొచ్చింది.

అయితే ఒంటివేడి ఇచ్చే కరెంటు బహు స్వల్పం. ఒక పలక మాట పక్క పలక దాకానే చేరుతుంది. ఆపైకి పోవాలంటే మధ్యలో ఉన్న మనిషి చదివి, తన వేలితో ముందుకు పంపాలి. దానంతటదే పంపేలా చేసి చూశాం గానీ, కట్టుకున్నవాళ్ళకి వణుకు పుట్టేంత వేడి లాగేసింది. చివరికి కబురు మనిషే మొయ్యాలని తేల్చుకున్నాం. అందుకే ఆ రోజు పరీక్షకి మూడు పలకలు. పైన, గని నోటి దగ్గర, మేనేజర్ చక్రధర్ గారి పక్కన మురహరి. లోపల, బొగ్గు తీసే చోట, షిఫ్టుకి పెద్ద అయిన ఓవర్‌మన్ మొగిలి. మధ్యలో నేను. మిగతా కార్మికులంతా భోజనాలకి పైకెళ్ళిపోయినా, మా పరీక్ష కోసమే మొగిలి లోపల ఉండిపోయాడు.

కప్పు కూలిన చప్పుడు నాకు తెలియలేదు. లోపల్నుంచి గాలి ఒక్క తోపు తోసి నన్ను గూటి గోడకేసి కొట్టింది. వెనకే దుమ్ము. దగ్గు ఆగి, టోపీ దీపం సరిచేసుకుని చూసేసరికి నాకూ మొగిలికీ మధ్య దారి బండలతో పూడిపోయి ఉంది. పలక తుడిచాను. రెండు పేర్లూ ఎర్రగానే ఉన్నాయి.

మొగిలే ముందు రాశాడు. "బతికే ఉన్న మేడం. కాలు గీరుకపోయింది, గంతే. సుగుణకు జెప్పుండ్రి."

పైకి పంపాను. సుగుణ ఆయన భార్య. కబురందగానే ఆటోలో వచ్చి గని నోటి దగ్గర కూర్చుందని మురహరి రాశాడు. అక్కడినుంచి ఆలుమగల మాటలు నా వేళ్ళ మీదుగానే నడిచాయి. గ్యాస్ బండ ఇవాళ వస్తుందనీ, దాని నంబరు తన ఫోన్లో ఉందనీ, ఫోను పైన, టోపీ దీపాలిచ్చే గదిలో పెట్టాననీ మొగిలి చెప్పాడు. బండ సంగతి నాకెందుకు, అన్నం తిన్నావా లేదా అని సుగుణ అడిగించింది. డబ్బా దగ్గరే ఉందన్నాడాయన. ఆమె బీపీ గోలీ వేసుకుందో లేదో కనుక్కోమన్నాడు. వేసుకోలేదు. ఆయనకి కోపమొచ్చింది. ఆ కోపాన్ని కూడా ఉన్నదున్నట్టు కొట్టి పంపాను. పరాయి సంసారం ఇలా నా చేతులోంచి పోతుంటే మొదట్లో సిగ్గుగా ఉండేది. తర్వాత ఆ మాట కోసం నేనే ఎదురుచూడసాగాను.

నా పరిస్థితీ ఏమంత బాగాలేదు. గూటి కప్పునుంచి నీళ్ళు చుక్కచుక్కగా కారుతున్నాయి. వీపు తడిసింది, పట్టీ లోపలివైపూ తడిసింది. రెండు వైపులా ఒకే చల్లదనం అయితే పట్టీలో కరెంటు పుట్టదు. పలక మసకబారినప్పుడల్లా లేచి గుంజీలు తీశాను. బడిలో లెక్కలు తప్పినప్పుడు తీసినవి తప్ప మళ్ళీ ఎప్పుడూ తియ్యలేదు. ఒళ్ళు వేడెక్కగానే పేర్లు మళ్ళీ ఎర్రబడేవి. నా తలపైన చెక్క దిమ్మెలు కిర్రుమంటున్నాయి. నిజం చెప్పాలంటే నాకు చచ్చేంత భయంగా ఉంది. నేను లేచి వెళ్ళిపోతే మొగిలి పలక మీద ఎర్రగా ఒక్క పేరు కూడా మిగలదు. ఆ చీకట్లో ఒంటరిగా ఉన్న మనిషికి అంతకంటే దారుణం ఉండదనిపించి, లేచినదాన్ని మళ్ళీ కూర్చునేదాన్ని.

కొంతసేపటికి మురహరి మాటలు పొట్టివైపోయాయి. అతనితో ఇన్నేళ్ళు కాపురం చేశాను. మాటలు కుదించాడంటే ఏదో దాస్తున్నాడన్నమాటే. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు. కూలిన చోట బొగ్గు రాజుకుంది. పొగ పెరుగుతోంది. గాలి అందితే గని మొత్తం అంటుకుంటుంది, దాని మీద బతికే కుటుంబాలు వీధిన పడతాయి. బండలు తొలిచి మొగిలిని చేరేంత వ్యవధి లేదు. అందుకని గని నోళ్ళన్నీ ఇసుకబస్తాలతో, బంకమట్టితో మూసెయ్యాలని చక్రధర్ గారు తేల్చేశారు. బస్తాలు నోటి దగ్గరికి చేరిపోయాయి. ఇక నేను బయటికి రావడమే తరువాయి.

దాని కింద ఇంకో ముక్క వచ్చింది. "మొగిలికి ఇది పంపి వచ్చెయ్. టీము బయల్దేరింది, ఉన్నచోటే ఉండు, కదలకు. ఇంకేం చెప్పకు వకుళా. ఆశతోనే ఉండనీ."

దూరాన ఉన్నవాళ్ళకి చావు కబురు చావుగా చెప్పే అలవాటు మనకి లేదు. ప్రాణం పోయాక కూడా 'కొంచెం సీరియస్‌గా ఉంది, ఒకసారి వచ్చి వెళ్ళు' అంటాం. మా నాన్న పోయిన రోజు నేను హైదరాబాద్‌లో ఉన్నాను. మురహరి ఫోన్ చేసి సరిగ్గా ఆ మాటే అన్నాడు. విన్నవాళ్ళకి లోపల ఎక్కడో అర్థమైపోతుంది, అయినా నమ్మాలని నమ్ముతారు. నేనూ నమ్మాను. నాన్నకి రసం తీసిద్దామని బస్టాండులో బత్తాయిలు బేరమాడి మరీ కొన్నాను. దారిలో ఇడ్లీ తిన్నాను. పక్కసీటావిడతో చీరల గురించి మాట్లాడాను. సందు మొదట్లో షామియానా కనబడింది. ఊరంతా చూస్తుండగా బత్తాయిల సంచీతో వాకిట్లో నిలబడ్డాను. మురహరి మంచి మనసుతోనే చేశాడు, కాదనను. కానీ ఆ దారి పొడుగునా నేను ఏడవాల్సిన ఏడుపు నాకు దక్కకుండా చేశాడు. అందుకు అతన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

అయినా ఆ ముక్క మొగిలికి పంపడానికి కొట్టేశాను. టీము బయల్దేరింది, కదలకు. వేలు 'పంపు' మీదే పెట్టాను. పంపేస్తే ఆయన డబ్బా విప్పుకుని అన్నం తింటాడు. సుగుణ గురించి ఇంకేదో అడుగుతాడు. గాలి పలచబడుతున్నప్పుడు కూడా బండల అవతల పలుగు చప్పుడు కోసం చెవి పెట్టే ఉంటాడు. అంత నిమ్మళంగా పోవడం ఎంతమందికి దొరుకుతుంది అని కూడా అనిపించింది.

వేలు నొక్కేలోగా ఆయనదే వచ్చింది.

"మేడం, ఒక ముచ్చట. నా ఎనక పాత గని ఉంది, నీళ్ళతోని నిండింది. మునిగి అవతలికి తేలితె పాత గాలిబావి ఉంటది. ఊపిరి ఆగుతదో లేదో తెల్వది. మీరొస్తున్నరంటె ఆ నీళ్ళల్ల ఎందుకు దిగుత, ఈడనే కూసుంట. రాకపోతె దిగుత. నిజం జెప్పుండ్రి, వస్తున్నరా?"

ఆ గాలిబావి నాకు తెలుసు. పాత గనికి గాలి అందడానికి తవ్విన బావి అది; వాగు గట్టున, సర్కారు తుమ్మల మధ్య, దాని పై మూతి వరకు రాళ్ళూ మట్టీ పోసి ఎప్పుడో పూడ్చేశారు. మా పలకల మాట రాతిలో ఎంత దూరం పోతుందో అక్కడే చూసుకున్నాం. కింద నీళ్ళ దారి ఎంత పొడుగో మాత్రం ఎవరికీ తెలియదు. నేను నిజం చెబితే ఆయన ఆ నీళ్ళలో మునిగి చనిపోవచ్చు. అబద్ధం చెబితే చనిపోవడం ఖాయం, కాకపోతే కూర్చుని పోతాడు.

మురహరికి ఈ సంగతి రాశాను. పైనుంచి జవాబు వెంటనే వచ్చింది. ఆ నీళ్ళలో ఎవరూ బతకరని చక్రధర్ గారు అంటున్నారట. భయపెట్టి చంపడం ఎందుకు, నువ్వు ముందు బయటికి రా, నీ కోసం ఆగారు అని రాశాడు. ఆ చివరి మాట రెండుసార్లు చదివాను. నా కోసం ఆగారు. అంటే నేను ఈ గూటిలో కూర్చున్నంతసేపూ వాళ్ళు గని మూయలేరు. నేను లోపలుంటే మొగిలికి గాలి ఉంటుంది. పొగ పెరుగుతుంది, నిప్పు పెరుగుతుంది, చక్రధర్ గారి కోపం పెరుగుతుంది, అయినా గాలి ఉంటుంది. ఇప్పటిదాకా నేనిక్కడ కట్టుబడిపోయాననుకున్నాను. నన్ను పట్టుకుని వాళ్ళూ కట్టుబడిపోయారు.

కొట్టిన ముక్క చెరిపేశాను.

"ఎవరూ రావడం లేదు మొగిలన్నా. నిప్పు రాజుకుంది, గని మూసేస్తున్నారు. నేను లేచేదాకా మూయరు. నువ్వు నీళ్ళలోకి దిగేదాకా నేను లేవను."

పంపేశాను. ఆయన తిడితే బాగుండుననుకున్నాను. ఏడిస్తే నేనూ ఏడ్చేదాన్ని.

"మంచిది మేడం," అని వచ్చింది. మరికాసేపటికి, "అన్నం తిని దిగుత. సుగుణ పొద్దున లేసి వండింది." ఇంకాసేపటికి, "ఆమెకు తీపి మాటలు చెప్పకుండ్రి. ఇరవై ఏండ్ల సంది నా షిఫ్టు టైముకు వాకిట్ల నిలబడె మనిషి. ఆమెకు లెక్క తెలుస్తది."

నేను గుంజీలు తీస్తూ చూశాను. పొగ వాసన గూటిదాకా వచ్చేసింది. మురహరి పేరు కింద వరసగా మాటలు పడుతున్నాయి. వచ్చెయ్ అంటున్నాడు, బతిమాలుతున్నాడు, చివరికి నేనే లోపలికొస్తానన్నాడు. నువ్వొస్తే పైకి మాట చేరదు, ఉన్నచోటే ఉండు అని రాశాను. మొగిలికి పంపమన్న మాటే అతనికి పంపానని నాకే నవ్వొచ్చింది. కళ్ళు మండుతూ నీళ్ళు కారుతున్నాయి. కళ్ళు తుడుచుకుని చూసేసరికి 'మొగిలి' బూడిదరంగులో ఉంది.

నీళ్ళు పట్టీకి రెండువైపులా చేరి ఉంటాయి. అంతకుమించి ఆ రంగు నాకేమీ చెప్పలేదు. అయినా ఇంకొంతసేపు ఉన్నాను, తిరిగొస్తాడేమోనని. తర్వాత గోడ పట్టుకుని పైకి నడిచాను. నేను ఎండలో అడుగుపెట్టగానే బస్తాలు పడటం మొదలైంది.

మురహరి నన్ను పట్టుకున్నాడు. ఒక్క పూటలో ముసలివాడైపోయాడు. మొగిలికి నేనేం చెప్పానో అతనికి తెలుసు. సుగుణ వైపు చూసి, ఆమెకి ఇప్పుడే చెప్పొద్దు, ఆడవాళ్ళు దగ్గరున్నారు, మెల్లగా చెబుతారులే అన్నాడు. సుగుణ ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఎవరో తెచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు తెస్తున్నారమ్మా, కాసేపట్లో తెచ్చేస్తారు అంటున్నారు. బస్తాలు నోటికి అడ్డంగా లేస్తున్నది ఆమె కళ్ళముందే. ఆమె మాత్రం వాళ్ళెవరి వంకా చూడకుండా నా వంకే చూసింది.

నేను వెళ్ళి ఆమె ముందు కింద కూర్చున్నాను. ఎవరూ తేవడం లేదని చెప్పాను. మొగిలి అన్నం తిన్నాడనీ, తిని పాత గని నీళ్ళలోకి దిగాడనీ, అవతల తేలాడో లేదో నాకు తెలియదనీ చెప్పాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నన్ను నోటికొచ్చినట్టు తిట్టారు. సుగుణ టీ గ్లాసు కింద పెట్టింది.

"ఏ దిక్కు తేల్తడు?" అంది.

వాగు గట్టుకి మురహరే జీపు నడిపాడు. గాలిబావి మీద తుమ్మచెట్లు మొలిచి ఉన్నాయి. అది బావి అని తెలిసినవాళ్ళకి తప్ప తెలియదు. నా పట్టీ తడిసి పలక చీకటైపోయింది. మురహరి తన పట్టీ విప్పి పలకతో సహా నాకివ్వబోయాడు. మధ్యలోనే సుగుణ చెయ్యి చాచింది. నాకు కట్టుండ్రి అంది. పక్కకి తిరిగి, పైట తొలగించి, నడుం చుట్టూ నేనే కట్టాను. ఇంతసేపూ ఎండలో కూర్చున్న ఒళ్ళు సలసలా కాగుతోంది. పలక తళుక్కున వెలిగింది. పేరు ఎర్రగా ఉంటే మనిషి ఒంట్లో వేడి ఉన్నట్టనీ, అంతకుమించి దానికేమీ తెలియదనీ ఆమెకి చెప్పాను. ఆమె రాళ్ళ మీద బోర్లా పడుకుంది, పలకని కళ్ళముందు పెట్టుకుని.

ఎర్రగా ఏ పేరూ లేదు. మురహరి నిలబడలేక చేతులతోనే ఒక్కో రాయీ లాగి పక్కన పడెయ్యడం మొదలుపెట్టాడు. అతని అరచేతులు చీరుకుపోయాయి. నేనూ లాగాను.

మా వెనకే చక్రధర్ గారి బండి వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు, కానీ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ బావి తెరిస్తే పాత గని పగుళ్ళలోంచి నిప్పుకి గాలి దొరుకుతుంది, మేము మూసినదంతా దండగ, నేను ఒప్పుకోను అన్నారు. ఒక్క రాయి కూడా కదపొద్దని మురహరి భుజం పట్టుకుని లాగారు. ఆయన వెంట వచ్చిన పదిమందీ పలుగులు పట్టుకుని ఎవరి మాట వినాలో తెలియక నిలబడిపోయారు.

సుగుణ లేవలేదు. తల మాత్రం ఎత్తింది. ఆమె ముందున్న పలక మీద 'మొగిలి' అని వెలిసిపోయిన ఎరుపులో వచ్చింది. ఆరింది. మళ్ళీ వచ్చి నిలబడింది. కింద ఒక్క మాట కూడా లేదు.

చక్రధర్ గారు వంగి చూశారు. చాలాసేపు చూశారు. మాట్లాడుతున్నాడా, ఏమైనా రాశాడా, బతికే ఉన్నాడని ఎలా అనుకోవడం అని అడిగారు, నన్ను కాదు, ఆమెని.

సుగుణ పలక మీద చెయ్యి వేసి, చెయ్యి తియ్యకుండానే ఆయన వంక చూసింది.

"ఎచ్చగ ఉన్నడు," అంది. "తవ్వుండ్రి."